ఆర్డర్ ఐడీ హిల్ట్‌కి ఎలా తెలుస్తుంది?

మొన్నొక బగ్‌తో రెండు రోజులు జుట్టు పీక్కున్నా. మా ఆండ్రాయిడ్ యాప్‌లోని ఆర్డర్ డీటెయిల్స్ స్క్రీన్‌లో ఫోన్ అడ్డంగా తిప్పితే చాలు, సర్వర్‌కి అదే ఏపీఐ కాల్ మళ్ళీ వెళ్తోంది. ఎవడు రాశాడ్రా ఇది అని హిస్టరీ తీసి చూస్తే నేనే.

కథేంటంటే, స్క్రీన్‌కి కావాల్సిన డేటాని పట్టుకునే క్లాస్ వ్యూమోడల్, దానికి కావాల్సిన రిపాజిటరీని (డేటా తెచ్చే క్లాస్‌ని) హిల్ట్ అనే లైబ్రరీ తెచ్చిస్తుంది, బానే ఉంది, కానీ ఆర్డర్ ఐడీ అనేది యూజర్ లిస్ట్‌లో దేన్ని నొక్కితే అది కదా, హిల్ట్‌కి ముందే ఎలా తెలుస్తుంది. కన్‌స్ట్రక్టర్‌లో ఉత్త స్ట్రింగ్ పెడితే దీన్ని ఎక్కణ్ణుంచి తేవాలో తెలీదని బిల్డే ఆపేసింది. ఆ రోజు రిలీజ్ హడావుడిలో లేట్‌ఇనిట్ (విలువ తర్వాత ఇచ్చే) వేరియబుల్ ఒకటి పెట్టేసి, స్క్రీన్‌ని చూపించే ఫ్రాగ్మెంట్ నుంచి స్టార్ట్ అనే ఫంక్షన్ పిలిచి ఐడీ అందులో పంపించేశా. ఫోన్ తిప్పితే ఫ్రాగ్మెంట్ కొత్తది పుడుతుంది, వ్యూమోడల్ పాతదే ఉంటుంది, స్టార్ట్ రెండోసారి నడిచి కాల్ మళ్ళీ వెళ్తుంది. అదీ సంగతి.

ఇప్పుడు అసిస్టెడ్ ఇంజెక్ట్‌కి మార్చా, అంటే కొన్ని విలువలు హిల్ట్ ఇస్తుంది, మిగతావి మనం ఇస్తాం. హిల్ట్‌కి పునాది అయిన డ్యాగర్‌లోకి ఇది 2021లో 2.31 వెర్షన్‌తో వచ్చింది, హిల్ట్ వ్యూమోడల్స్‌కి నేరుగా వాడుకునే వీలు మాత్రం 2.49 దాకా రాలేదు, అప్పటిదాకా వ్యూమోడల్‌ని తయారుచేసే ఫ్యాక్టరీలు మనమే చేత్తో రాసుకునేవాళ్ళం. ఐడీకి అసిస్టెడ్ అని యానొటేషన్ పెట్టి, ఒక చిన్న ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేస్ రాస్తే మిగతాది హిల్ట్ చూసుకుంటుంది.

టెస్టుల దగ్గర అసలు సుఖం తెలిసింది. యూనిట్ టెస్టులో హిల్ట్ ఊసే అక్కర్లేదు, ఫేక్ రిపాజిటరీ ఒకటి, "42" అని ఒక ఐడీ, రెండూ కన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చేస్తే వ్యూమోడల్ రెడీ. ముందైతే స్టార్ట్ పిలవడం మర్చిపోయి టెస్ట్ క్రాష్ అవ్వడం, ఎందుకా అని పావుగంట వెతకడం. వ్యూమోడల్‌లో వెనకాల పనులు నడిపే వ్యూమోడల్‌స్కోప్ మెయిన్ డిస్పాచర్ (యాప్ మెయిన్ థ్రెడ్) మీద నడుస్తుంది కాబట్టి సెట్‌మెయిన్‌తో టెస్ట్ డిస్పాచర్ పెట్టడం మాత్రం తప్పదు, నేను దాన్నొక జేయూనిట్ రూల్‌లో పడేసి వదిలేశా.

నావిగేషన్ నుంచి, అంటే స్క్రీన్ మారేటప్పుడు వచ్చే ఐడీ అయితే దాన్ని వ్యూమోడల్‌కి అందించే సేవ్డ్‌స్టేట్‌హ్యాండిల్ చాలు కదా అంటారు, నిజమే, టెస్టులో మ్యాప్ ఒకటి ఇస్తే అయిపోతుంది. కానీ అదే టైప్‌సేఫ్ రూట్లు (స్క్రీన్ చిరునామాని క్లాస్‌గా రాయడం) పెట్టుకుని, ఆ క్లాస్‌ని తిరిగి తెచ్చే టురూట్ పిలిచానా, లోపల ఆండ్రాయిడ్‌లోనే పనిచేసే బండిల్ క్లాస్ తగిలి మామూలు జేవీఎం టెస్ట్ ఢమాల్. ఒక్క స్ట్రింగ్ చదవడానికి కంప్యూటర్ మీదే ఆండ్రాయిడ్‌ని అనుకరించే రోబోలెక్ట్రిక్ లాక్కురావడం నాకైతే మనసొప్పలేదు.

ఇంత చేసి, టెస్టులన్నీ పచ్చగా వచ్చాయని మురిసిపోయి క్యూఏకి (టెస్టింగ్ టీమ్‌కి) ఇస్తే గంటలో వెనక్కొచ్చింది. ఆండ్రాయిడ్ కొత్త యూఐ టూల్‌కిట్ కంపోజ్‌లో రాసిన ఇంకో స్క్రీన్‌లో ఆర్డర్లని పేజర్‌లో పక్కకి జరిపి చూడొచ్చు, అక్కడ ఏ పేజీకి వెళ్ళినా మొదటి ఆర్డరే కనిపిస్తోందట. వ్యూమోడల్ తెచ్చిచ్చే హిల్ట్‌వ్యూమోడల్ ఫంక్షన్ పిలిచేటప్పుడు కీ (గుర్తు పేరు) ఇవ్వలేదు నేను, వ్యూమోడల్స్‌ని దాచే ఓనర్ అన్ని పేజీలకీ ఒక్కటే కాబట్టి కొత్త ఐడీ పంపినా ఫ్యాక్టరీ జోలికే పోకుండా స్టోర్‌లో ఉన్న పాత వ్యూమోడల్‌నే తీసిచ్చేస్తోంది. కన్‌స్ట్రక్టర్‌ని మనమే పిలిచే యూనిట్ టెస్టుకి ఇది దొరికే ఛాన్సే లేదు. ఐడీనే కీగా పెట్టి పంపించా, ఈసారి రెండు ఆర్డర్ల మధ్య జరిపి చూసే యూఐ టెస్ట్ కూడా ఒకటి రాసి.