కేస్లాపూర్‌లో అమావాస్య రాత్రి

ఇవాళ క్యాష్ కౌంటర్లో కూర్చునే కునుకు తీశాను. ఒక పెద్దాయన "మేడం, మేడం" అని రెండుసార్లు పిలిస్తే గానీ మెలకువ రాలేదు. రాత్రంతా నాగోబా జాతరలో ఉన్నాను మరి, గోండుల నాగదేవుడి జాతర.

జాతరకి పిలిచింది మా బ్యాంకు బ్రాంచి అటెండరన్న. వాళ్లు మెస్రం వాళ్లు, నాగోబాని కొలిచే గోండు వంశం. కొత్త కోడలికి ఈ ఏడు భేటింగ్ ఉంది, రండి మేడం అన్నాడు. భేటింగ్ అంటే మీటింగేమో అనుకున్నాను. ఫోన్ ఫుల్‌గా ఛార్జింగ్ పెట్టుకుని, నెమలి ఈకల టోపీలతో ఆడే గుస్సాడీలను వీడియో తీయాలని సాయంత్రం ఉట్నూరు బస్సెక్కాను. ముత్నూరులో దిగి ఆటోలో కేస్లాపూర్ చేరగానే ఎదురొచ్చిన అన్నని అడిగిన మొదటి మాట, "గుస్సాడీలు ఎక్కడ?" అని. "అది దండారి మేడం, దీపావళికి. ఇది పుష్య అమావాస్య" అన్నాడు. పాపం, నవ్వలేదు. రెండేళ్లుగా ఆదిలాబాద్‌లో ఉంటున్నాను, ఈ మాత్రం తెలియలేదు.

మెస్రం వాళ్లు జన్నారం దగ్గర కలమడుగు దాకా నడిచి వెళ్లి, ఝరి అనే ఇత్తడి పాత్రలో గోదావరి నీళ్లు తెచ్చి నాగోబాకి అభిషేకం చేస్తారు. నేను పుట్టింది రాజమండ్రిలో. మా గోదారేగా అని లోపల కాస్త గర్వపడ్డాను. మేం ఆ నీళ్లని కుళాయి తిప్పి పట్టుకుంటాం, వాళ్లు రోజుల తరబడి నడిచి తెచ్చుకుంటారు.

గుడి బయట గోవాడ్ దగ్గర, అంటే మెస్రం వాళ్లు వంటలు చేసుకునే ఆవరణ దగ్గర, చాలాసేపు నిలబడిపోయాను. ఎన్ని కుటుంబాలు వచ్చినా పొయ్యిలు 22 మాత్రమే. ఒకరి వంట అయితే ఇంకొకరు. గిన్నెలు, కట్టెలు పక్కన పెట్టుకుని ఆడవాళ్లు కబుర్లాడుతూ వంతు కోసం కూర్చున్నారు. "ఇంకో పది పొయ్యిలు పెట్టుకుంటే తొందరగా అయిపోతుంది కదక్కా" అన్నాను అటెండరన్న భార్యతో. నాది బ్యాంకు బుద్ధి, క్యూ కనిపిస్తే కౌంటర్లు పెంచమంటుంది. ఆమె నా వంక వింతగా చూసి, "తొందరేముంది? తెల్లారేదాంక ఈడనే ఉంటం గద" అంది.

చలి ఎముకల్లోకి దిగుతోంది. అటు రంగులరాట్నం, మిఠాయి కొట్లు, మైకులో ఎవరో పిల్లాడు తప్పిపోయాడన్న ప్రకటన. ఇటు సన్నాయి లాంటి పెప్రె, డోలు. మెస్రం వాళ్లే తలా ఇంత వేసుకుని కట్టుకున్న నల్లరాతి గుడి లైట్ల వెలుగులో మెరుస్తోంది. 2022లో పూర్తయింది. అర్ధరాత్రి మహాపూజకి వాళ్లు లోపలికి వెళ్లారు. నేను బయట చెప్పుల పక్కన కూర్చున్నాను.

పూజ అయ్యాక కోడళ్ల వంతు. అందరికీ తెల్లచీరలే, ముఖం మీదికి ముసుగు. అటెండరన్న కోడలి చీర కుచ్చిళ్ల దగ్గర కొట్టువాడి ధర స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది. అత్తగారు చూసి, వంగి గోటితో గీకింది. సగమే ఊడింది. నాలుకతో వేలు తడుపుకుని మళ్లీ గీకింది. ఆ పిల్ల కదలకుండా నిలబడింది. తర్వాత పెద్దవాళ్లు కోడళ్లందరినీ వరుసగా లోపలికి తీసుకెళ్లారు. గోండుల్లో ఇన్ని దేవుళ్లని కొలిచేవాళ్లని వంశాలన్నీ గుంపులుగా ఉంటాయి, ఆ గుంపునే సగ అంటారు. ఈ పిల్ల నాలుగు దేవుళ్ల సగలో పుట్టింది, మెస్రం వాళ్లది ఏడు దేవుళ్ల సగ. భేటింగ్ అయ్యేదాకా ఆ ఇంటి కోడలైనా నాగోబా పూజలో చేయి వేయడానికి లేదట. ఇవాళ దేవుడికి చూపించి, మనమ్మాయే అని చెప్పుకుంటారు.

నా పెళ్లయి తొమ్మిదేళ్లు. మా అత్తగారు నన్ను దేవుడికి చూపించడం గుర్తులేదు. గ్యాస్ స్టవ్ మాత్రం మొదటి రోజే చూపించారు, ఎడమవైపు బర్నర్ సరిగా వెలగదని కూడా చెప్పారు.

ఆ పిల్ల తిరిగొచ్చేసరికి తెల్లవారుతోంది. ముసుగు వెనక్కి తోసేసి నా పక్కనే చతికిలబడింది. ఇరవై ఏళ్లుంటాయేమో. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "లోపల దేవుడికి ఏం చెప్పుకున్నావమ్మా?" అని అడిగాను.

"ఏం లేదు మేడం. కాళ్లు గుంజుతున్నయి" అని, అత్తగారు అందించిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

ఏడింటికి బస్సు దొరికింది. ఫోన్లో ఛార్జింగ్ తొంభై దగ్గర అలాగే ఉంది.