ఫొటో మసకబారితే తప్పు ఎక్కడ వెతకాలి

"ఈ లెన్స్ షార్ప్‌గా లేదు" అని తేల్చేసి కొత్తది కొనేముందు, పోయింది కాంట్రాస్టా (వెలుగునీడల తేడా), రిజల్యూషనా (చిన్న వివరాల స్పష్టత), రంగా అన్నది చూసుకోవాలి. ఒక్కోదానికి మందు వేరు.

రాత్రిపూట చార్మినార్ తీశారనుకోండి. కమానుల లోపలి చీకటి బూడిదరంగుకు తిరిగింది, దుకాణాల బల్బులు ఫ్రేమ్‌లో ఎదురు మూలన ఆకుపచ్చ చుక్కలుగా తేలాయి. ఇక్కడ రిజల్యూషన్‌కు ఏ లోటూ లేదు, పోయింది కాంట్రాస్ట్. కోటింగ్ (వెలుగు వెనక్కి కొట్టకుండా వేసే పలచటి పూత) లేని మామూలు గాజు, గాలి తగిలే ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. అలాంటి ముఖాలు 8 ఉంటే అవతలికి చేరేది 72 శాతమే. తక్కినది ఊరికే పోయినా బాగుండేది, కానీ అందులో కొంత గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని ఫొటో అంతటా పరుచుకుంటుంది. జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో డిజైనర్ పాల్ రుడాల్ఫ్ 1896లో చేసిన ప్లానార్ లెన్స్‌కు వచ్చిన ఇబ్బంది ఇదే: డిజైన్ గొప్పది, ముఖాలు 8. ఆయనదే 1902 నాటి టెస్సార్ 6 ముఖాలతో సరిపెట్టుకుంది, దశాబ్దాలపాటు చెలామణి అయింది. 1935లో అదే జైస్ కంపెనీలో స్మాకులా అనే శాస్త్రవేత్త కోటింగ్ కనిపెట్టాకే ప్లానార్ తరహా డిజైన్లకు మంచిరోజులొచ్చాయి. పదిహేను గాజులున్న ఇవాళ్టి జూమ్‌లు పనిచేస్తున్నాయంటే మల్టీకోటింగ్ (పొరలు పొరలుగా వేసే కోటింగ్) చలవే.

"ఈ లెన్స్ రంగులు బాగుంటాయి" అనే మాటలో సగం ఈ కాంట్రాస్ట్ సంగతే. లాడ్ బజార్‌లో ఒక ఎర్ర లక్కగాజు తీసుకోండి. సెన్సర్ మీద ఎరుపు 100, ఆకుపచ్చ 10, నీలం 10 పాళ్లలో పడాలి. ఫ్లేర్ (ఇలా ఫొటో అంతటా పరుచుకున్న వెలుగు) వల్ల మూడింటికీ తలా 15 కలిస్తే 115, 25, 25 అవుతాయి. పదింతలున్న తేడా నాలుగున్నర ఇంతలకు దిగింది, ఎరుపు నీళ్లు కలిపినట్టు పలచబడింది. ఎడిటింగ్‌లో నలుపును కిందికి లాగితే కొంత తిరిగొస్తుంది కానీ, నీడల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు) మిగులుతుంది. ఫొటో మొత్తం ఒకే పసుపు ఛాయ ఉంటే అది వేరే విషయం, వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపును తెల్లగా చూపే సెట్టింగ్‌తో) పోతుంది. థోరియం కలిపిన గాజు వాడిన కొన్ని పాత లెన్సులు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతాయి. అతినీలలోహిత కాంతి తగిలితే ఆ రంగు విరుగుతుంది కాబట్టి మన మే నెల ఎండ ఆ పనికి భేషుగ్గా పనికొస్తుంది. ఎండవైపు పెట్టేటప్పుడు వెనక మూత మాత్రం మరవకండి, లేకపోతే భూతద్దంలా వెనకున్నదాన్ని కాలుస్తుంది.

అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు ఇంకో జబ్బు. కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాన్ని తెల్లటి ఆకాశం ముందు పెట్టి తీస్తే బయటపడుతుంది. ఫ్రేమ్ మధ్యలో లేకుండా మూలల్లోనే ఉంటే, ఎరుపు, నీలం బొమ్మలు వేరువేరు సైజుల్లో పడ్డాయని అర్థం. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) తగ్గించినా పోదు, సాఫ్ట్‌వేర్ ఒక్క క్లిక్‌తో సరిచేస్తుంది. మధ్యలో కూడా ఉండి, ఫోకస్‌కు ముందు ఊదాగా, వెనక ఆకుపచ్చగా కనబడితే రంగులు వేరువేరు దూరాల్లో ఫోకస్ అవుతున్నట్టు. ఇది అపెర్చర్‌ను ఎఫ్/1.8 నుంచి ఎఫ్/4కు తగ్గిస్తే (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) బాగా తగ్గుతుంది. లెన్స్‌లోనే నయం కావాలంటే రంగులను తక్కువగా చీల్చే గాజు పడాలి. కెనాన్ 1969లో 300 ఎంఎం లెన్స్‌లో ఫ్లోరైట్ అనే స్ఫటికం వాడింది అందుకే.

ఇక రిజల్యూషన్. దీనికి చార్టులు కొనక్కర్లేదు, తెలుగు పేపర్‌లో చిన్న అక్షరాల ప్రకటనలు చాలు. వత్తులు విడివిడిగా కనబడుతున్నాయా లేదా అన్నదే పరీక్ష. గోడకు మధ్యలో ఒక ముక్క, నాలుగు మూలల్లో నాలుగు అంటించండి. 50 ఎంఎం లెన్స్ అయితే రెండున్నర మీటర్ల దూరంలో, గోడకు సూటిగా ట్రైపాడ్. ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం) 100, రెండు సెకన్ల టైమర్, ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది) ఆఫ్. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/16 దాకా తీస్తూ, ప్రతిసారీ లైవ్ వ్యూ (కెమెరా తెర మీది బొమ్మ) పెద్దది చేసి ఫోకస్ మళ్లీ పెట్టండి. కొన్ని లెన్సుల్లో అపెర్చర్ మార్చగానే ఫోకస్ ముందుకో వెనక్కో తప్పుకుంటుంది.

నాలుగు మూలలూ మసకగా ఉంటే, మూల మీదే ఫోకస్ పెట్టి ఇంకోటి తీయండి. అప్పుడు మూల తేటపడి మధ్య పోతే, లెన్స్ ఫోకస్ తలం వంగి ఉందన్నమాట. ప్రకృతి దృశ్యాలకు చికాకే కానీ, పోర్ట్రెయిట్‌లకు ఫర్వాలేదు. ఒక్క మూలే చెడితే ముందు కెమెరా గోడకు సూటిగా ఉందో లేదో చూడండి. ఉందీ అంటే లోపల ఏదో గాజు పక్కకు జరిగింది, సర్వీస్ సెంటరే దారి. ఎఫ్/16 దగ్గర అంతా మెత్తబడటం లెన్స్ తప్పు కాదు. అంత చిన్న రంధ్రం దాటేటప్పుడు వెలుగు చెదిరి ఒక్కో వెలుగుచుక్క వ్యాసమే 21 మైక్రాన్లు అవుతుంది, 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో పిక్సెల్ 6 మైక్రాన్లు.

పైసా ఖర్చు లేని చికిత్స ఒకటుంది: లెన్స్ ముందు బిగించిన చవక యూవీ ఫిల్టర్ తీసేయడం. కోటింగ్ లేని ఆ గాజు ఇంకో రెండు ముఖాలు కలుపుతుంది, చార్మినార్ ఫొటోలో ఆకుపచ్చ చుక్కలకు చాలాసార్లు కారణం అదే. సాయంత్రం దుర్గంచెరువు వంతెన దగ్గర సూర్యుడు ఫ్రేమ్‌కు కాస్త బయటే ఉన్నప్పుడు హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడగొట్టం) తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి ఏటవాలుగా వేసి చూడండి. పొగలాంటి తెల్లటి పొర, సాలెగూడులాంటి ఫంగస్ కనబడితే వదిలేయండి. ఫంగస్ ముదిరితే కోటింగ్‌ను తినేస్తుంది, తుడిచినా ఆ మచ్చ పోదు. నాలుగైదు ధూళి రేణువులు మాత్రం ఫొటోలో కనబడవు. వాటి పేరు చెప్పి బేరమాడుకోండి.