మార్కండాలో పెద్దమ్మ వెతికిన మనిషి

మొన్న చలికాలంలో బల్లార్షాలో పెద్దమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు, నన్నోసారి మార్కండ తీస్కపో బిడ్డా అంది. మార్కండ అంటే మహారాష్ట్రలో వైన్‌గంగ నది ఒడ్డున ఉన్న పాత శివుడి గుళ్లు. నాకు నోట మాట రాలేదు. 8 ఏళ్లుగా ఆమె ఏ గుడి మెట్టూ ఎక్కలేదు. పెద్ద కొడుకు, అంటే మా అన్న, 22 ఏళ్లకే జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు, ఆ నాలుగు రోజుల్లో ఆమె మొక్కని దేవుడు లేడు, ఆ తర్వాత ఇంట్లో దీపం పెట్టడం కూడా మానేసింది. ఇప్పుడెందుకు అని అడగలేదు నేను, తెల్లారే బండి తీశా.

మాది పద్మశాలి ఇల్లు. మా వాళ్లకి మార్కండేయుడు మూలపురుషుడు, ఆయన కొడుకు భావనారుషి తామర తూడు నుంచి దారం తీసి మొదటి బట్ట నేశాడని మా ఇళ్లల్లో చెప్పుకునే కథ. సిరిసిల్ల నుంచి షోలాపూర్, భివండి దాకా బతకపోయిన మా వాళ్లు ఎక్కడ మగ్గం పెట్టుకున్నా పక్కన మార్కండేయ గుడి కట్టుకున్నారు. 16 ఏళ్లే ఆయుష్షు, యముడొస్తే పిల్లాడు లింగాన్ని కావలించుకున్నాడు, పాశం వేస్తే పిల్లాడితో పాటు లింగానికీ పడింది, శివుడు లింగం చీల్చుకొచ్చి యముణ్ణి తన్నాడు, ఇది మాకు ఉగ్గుపాలతో వచ్చిన కథ.

చంద్రపూర్, మూల్ దాటి వైన్‌గంగ బ్రిడ్జి ఎక్కితే అవతల గడ్చిరోలి జిల్లా, అక్కణ్ణుంచి చామోర్షి వైపు. దారంతా కోసేసిన వరి మళ్లు, పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

గుళ్లు నది ఒడ్డునే గుంపుగా ఉంటాయి. అక్కడ వైన్‌గంగ ఉత్తరానికి తిరుగుతుంది, అందుకే అంత పవిత్రం, శివరాత్రికి పెద్ద జాతర. పెద్ద గుడి శిఖరం 200 ఏళ్లకు ముందే పిడుగు పడి దెబ్బతింది. దీన్ని విదర్భ ఖజురహో అంటారు, ఆ పేరు నాకు అస్సలు నచ్చదు, ఆ మాట విని వచ్చేవాళ్లు జంటల బొమ్మల దగ్గర ఫోటోలు దిగి వెళ్లిపోతారు. కాసేపు నిలబడి చూస్తే అర్థమవుతుంది, ఆ గోడల మీద ఉన్నది ఒక్క శృంగారమే కాదు, ఒకరినొకరు పట్టుకోవడం. ఒకరి మోచెయ్యి ఇంకొకరి నడుం మీద, ఒకరి తల వాలితే ఇంకొకరి భుజం దానికోసమే కొంచెం పైకి లేచి, ఏ వేలు ఎవరిదో వెతుక్కోవాల్సినట్టు. రాయి ఒక్కటే కదా, ఇద్దరి మధ్య సందు లేనిచోట శిల్పి అసలు ఉలే పెట్టలేదు, అంటే వాళ్లు అక్కడ విడిపోయిందే లేదు. గాలికీ వానకీ మొహాలు అరిగిపోయినా ఆ పట్టు మాత్రం తెలుస్తూనే ఉంది.

ఒకచోట పెద్దమ్మ ఆగిపోయింది. ఓ ఆడమనిషి బొమ్మ, పక్కన ఉండాల్సిన మనిషి పగిలిపోయి లేడు, కానీ అతని చెయ్యి ఆమె భుజం మీదే మిగిలిపోయింది. నాలుగు వేళ్లు, అంతే. పెద్దమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. నేను కొంచెం దూరం జరిగా.

తర్వాత చెట్టు కింద కూర్చున్నప్పుడు ఫోన్‌లో ఎల్లోరా ఫోటో చూపించా. అక్కడ 15వ గుహలో, 8వ శతాబ్దంలో రాష్ట్రకూట దంతిదుర్గుడి శాసనం ఉన్న గుహ అది, గోడ మీద మన మార్కండేయుడి కథ చెక్కారు. లింగాన్ని అంటిపెట్టుకున్న పిల్లాడు, అందులోంచి వచ్చిన శివుడు, తన్ను తింటున్న యముడు. ఆ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు నాకు అనిపించింది ఒక్కటే, ఆ తాడు ఒక్క పిల్లాడికే పడుంటే దేవుడు కదిలేవాడా? తన మెడకీ పడింది కాబట్టే కదా ఆ బిగువు ఎలా ఉంటుందో తెలిసింది. బాధ పడేవాణ్ణి బయట నిలబడి చూడ్డం వేరు, అదే తాడులో ఉండడం వేరు. ఇదంతా పెద్దమ్మకి చెప్పా.

ఆమె ఫోటోని వేళ్లతో పెద్దది చేసి, ఈ మూల ఆ మూల జరిపి చూసి, "వాళ్లమ్మ ఏడున్నదిరా?" అంది.

లేదు. నేను చూసిన ఏ మార్కండేయ శిల్పంలోనూ మరుద్వతి లేదు. మందబుద్ధితో నిండు నూరేళ్లు బతికే కొడుకు కావాలా, 16 ఏళ్లే బతికే జ్ఞాని కావాలా అని శివుడు అడిగితే రెండోది కోరుకున్న తల్లిదండ్రుల్లో ఆమె ఒకతి. "పదహారేండ్లు దినదినం లెక్కవెట్టుకున్నది గదరా ఆ తల్లి. అన్నం వెట్టినప్పుడల్లా లెక్కవెట్టుకునే ఉంటది. నాకు నాలుగే దినాలు." అంది పెద్దమ్మ. ఏడవలేదు. ఫోన్ నా చేతిలో పెట్టేసింది. అన్నిసార్లు విన్న కథలో ఆ తల్లి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదే అని నాకు చాలా సిగ్గుగా అనిపించింది.

నదిలోకి దిగాం. నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి, చల్లగా. ఈ వైన్‌గంగే కిందికి పోయి వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది, సిరోంచ దగ్గర గోదాట్లో కలుస్తుంది, అవతలి ఒడ్డు మన కాళేశ్వరం. అన్న అస్థికలు అక్కడే కలిపారు. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి, ఒకటి యముడిది, ఒకటి ముక్తీశ్వరుడిది, ముందు యముడికి మొక్కాకే శివుడికి. ఎల్లోరాలో కాలితో తన్నినవాణ్ణే అక్కడ పక్కన కూర్చోబెట్టుకున్నాడు శివుడు. ఆ మాట నేను అనలేదు, పెద్దమ్మకి తెలియంది కాదు, అస్థికలు కలిపిన రోజు ఆమె ఆ గుళ్లోకి రానని ఒడ్డు మీదే కూర్చుంది.

దోసిట్లో నీళ్లు తీసుకుని కాసేపు చూసి మళ్లీ నదిలోకే వదిలేసింది.

"గీ నీళ్లు కాళేశ్వరం పోనీకి ఎన్నొద్దులు పడ్తదిరా?"

నాకు తెలీదు పెద్దమ్మా అన్నా.

"మల్ల నెల అటు పోదాం. ఈసారి లోపలికొస్త" అంది.