హాల్లోంచి బాల్కనీకి మారిన బ్యాటరీ

మా ఎలక్ట్రిక్ స్కూటర్‌ది ఊడదీసి తెచ్చుకునే బ్యాటరీ. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. రెండేళ్లుగా రోజూ రాత్రి మోసుకొచ్చి, సరిగ్గా వీధి గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పక్కన చార్జింగ్ పెట్టి పడుకునేవాణ్ణి. "అది అంటుకుంటే ఎటునుంచి బయటపడతాంరా?" అని అమ్మ అడిగేదాకా నాకు తట్టనేలేదు.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుని, పొగ పైనున్న హోటల్లోకి ఎక్కి 8 మంది పోయారు. అది చదివి అయ్యో అనుకున్నవాణ్ణే!

ఈ బ్యాటరీ లోపల చిన్నచిన్న సెల్స్ పక్కపక్కనే ఉంటాయి. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్కదాన్నీ వేడెక్కిస్తుంది, అది ఇంకోదాన్ని. మంట ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకోవచ్చు.

ఇప్పుడు బాల్కనీలో, నీడపట్టున, ఉత్త గచ్చు మీద పెడుతున్నా. బండి దిగగానే కాదు, చేత్తో తాకి చూసి, చల్లబడ్డాకే. పడుకునేముందు ప్లగ్ తీసేస్తా. తమ్ముడు ఇచ్చిన చవక చార్జర్ పిన్ను దగ్గర గోధుమరంగుకి మాడి ఉంది. పక్కన పడేశా.

అన్నట్టు, ఇంత చెప్పిన అమ్మ దిండు కింద ఫోను తీసి చూస్తే వెనక ఉబ్బి ఉంది. బల్లమీద పెడితే బొంగరంలా తిరుగుతోంది! ఆపేసి సర్వీస్ సెంటర్‌కి ఇద్దామంటే, "సీరియల్ అయ్యాక" అంది.