రిపోర్ట్ రాని రోజుల్లో ఆరాధన: నా అనుభవం

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించా. మా సంఘంలో సాక్ష్యం చెప్పమని రెండు మూడు సార్లు అడిగారు కానీ సాక్ష్యం అనగానే అందరూ చివర్లో వచ్చే "అంతా నార్మల్, దేవునికే మహిమ" అనే మాట కోసం చూస్తారు, నా దాంట్లో ఆ మాట అంత క్లియర్‌గా లేదు. అయినా సరే, ఏదో ఒక రిపోర్ట్ కోసమో కబురు కోసమో ఎదురుచూస్తూ నిద్ర పట్టక ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎవరైనా చదువుతారేమో అని రాస్తున్నా.

నేను 14 ఏళ్లుగా ఆదివారం ఆరాధనలో పాటలు నడిపిస్తున్నా. ఒకరోజు అద్దం ముందు మెడలో గొలుసు కొక్కెం పెట్టుకుంటుంటే గొంతు దగ్గర ఎడమవైపు చిన్న ఉబ్బు కనపడింది, గుటక వేస్తే అది కూడా పైకి కదిలి మళ్లీ కిందకి దిగింది. మళ్లీ గుటక వేశా, మళ్లీ కదిలింది. అలా ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలీదు.

స్కాన్ తీశారు. థైరాయిడ్‌లో గడ్డ, ఇవి చాలామందికి ఉంటాయి, ఎక్కువ శాతం మామూలువే అమ్మా అన్నారు డాక్టర్ గారు. సూది గుచ్చి కణాలు తీసే టెస్ట్ చేశారు, అదే ఎఫ్ఎన్ఏసీ. ఆ రిపోర్ట్‌లో 6 కేటగిరీలు ఉంటాయంట, 2 అంటే మామూలు గడ్డ, 6 అంటే క్యాన్సర్, నాది 4 వచ్చింది. అంటే ఏంటండీ అని అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పారు: సూదితో కణాలు మాత్రమే వస్తాయి, ఈ రకం గడ్డలో మామూలుదైనా క్యాన్సరైనా కణాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, గడ్డ చుట్టూ ఉండే పొరని దాటి బయటికి వెళ్లిందా లేదా అన్నదే తేడా, అది తెలియాలంటే సగం గ్రంథి తీసేసి మొత్తం గడ్డని కోసి చూడాలి. అంటే ఆపరేషన్ అయ్యేదాకా ఎవ్వరూ చెప్పలేరు. ఇక్కడే నాకు చాలా కష్టమైపోయింది. చెడ్డ కబురైనా అదొక కబురు, ఏడవడానికైనా ఒక కారణం ఉంటుంది, ఇదేమో ఏడవాలో వద్దో కూడా తెలియని పరిస్థితి.

లేచి వచ్చేటప్పుడు "నేను పాటలు పాడతానండి" అన్నా. రాస్తున్న పెన్ ఆపి నా వైపు చూశారు. మళ్లీ కూర్చోమన్నారు. థైరాయిడ్ వెనకాలే ఒక సన్నటి నరం స్వరపేటికలోకి వెళ్తుందంట, మాట అంతా దాని మీదే, ఇంకోటి ఇంకా సన్నది పైన ఉంటుంది, పై స్వరాలు అందాలంటే అది పని చేయాలి. చాలావరకు ఏమీ కాదమ్మా, కొందరికి కొన్ని వారాలో నెలలో గొంతు మారి మళ్లీ వస్తుంది, శాశ్వతంగా పోవడం అరుదు, కానీ గ్యారంటీ అయితే ఇవ్వలేను అన్నారు. నిజం చెప్పినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం. ఆపరేషన్ డేట్ 5 వారాల తర్వాత దొరికింది.

ఆ 5 వారాల్లో మొదటి 10 రోజులు నేను దేవుడితో బేరం ఆడాను, అంతకన్నా వేరే మాట లేదు. ఈ గొంతు నువ్విచ్చిందే కదా ప్రభువా, నీకోసమే వాడాను కదా, దీన్ని తీసేస్తే నీకేం లాభం, గడ్డ మామూలుదని తేలితే ఇంకా ఎక్కువ సేవ చేస్తా, ఇలా. రాత్రి ప్రార్థన చేసుకోవడం, ఆమెన్ అనగానే ఫోన్ తీసి అదే జబ్బు గురించి వెతకడం, ఒంటిగంట, రెండు. పొద్దున్న లేచేసరికి ప్రార్థన చేసినట్టే ఉండేది కాదు. బైబిల్లో యూదా రాజు యెహోషాపాతు కథ పదే పదే చదివేదాన్ని, 2 దినవృత్తాంతములు 20, సైన్యానికి ముందు పాటలు పాడేవాళ్లని నిలబెట్టాడు కదా, వాళ్లు స్తుతించడం మొదలుపెట్టగానే శత్రువులు ఒకరినొకరు చంపుకున్నారు. నేనూ పాడేదాన్నే కాబట్టి నేను గట్టిగా స్తుతిస్తే నా గడ్డ కూడా అలాగే పోతుంది అని ఒక లెక్క పెట్టుకున్నా. తర్వాత నెమ్మదిగా చదివితే అర్థమైంది, వాళ్లు పాడుతూ వెళ్లకముందే యహజీయేలు అనే లేవీయుడి నోట దేవుడు వాళ్లకి ఖచ్చితమైన మాట ఇచ్చాడు, ఈ యుద్ధం మీది కాదు నాది అని. నాకు అలాంటి మాట ఏదీ రాలేదు. రాని మాటని వచ్చినట్టు ఊహించుకుని పాడటం విశ్వాసం కాదు అనిపించింది. కానీ అదే అధ్యాయంలో ఆ మాట రాకముందు రాజు చేసిన ప్రార్థన ఉంది చూడండి, మాకేం చేయాలో తోచట్లేదు, మా కళ్లు నీ వైపే ఉన్నాయి అని, నేనున్నది సరిగ్గా అక్కడ. గెలుపు పాట దగ్గర కాదు, తోచట్లేదు అన్న దగ్గర.

ఈ మధ్యలో ఒకావిడ ఇంటికొచ్చి, విశ్వాసం ఉన్నవాళ్లకి ఆపరేషన్ ఎందుకమ్మా, జెకర్యా దేవదూత మాట నమ్మలేదు కాబట్టే కదా మూగవాడయ్యాడు, నీ గొంతు మీదికే వచ్చిందంటే ఒకసారి పరీక్షించుకో అని చెప్పి వెళ్లింది. ప్రేమతోనే చెప్పి ఉండొచ్చు, కానీ ఆ మాట నా లోపల ఎన్ని రోజులు తిరిగిందో దేవుడికే తెలుసు. పుట్టు గుడ్డివాడిని చూసి వీడు పాపం చేశాడా వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే యేసు ఏం చెప్పాడో యోహాను 9లో ఉంది, వీడూ కాదు వీళ్ల కన్నవాళ్లూ కాదు అని. దయచేసి జబ్బుతో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లేముందు ఆ అధ్యాయం ఒకసారి చదివి వెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్లడం నా అవిశ్వాసం కాదు.

మా పాస్టరమ్మ గారు మాత్రం వచ్చి ఏ ప్రసంగమూ చేయలేదు. "ఏ కీర్తన చదువుతున్నావమ్మా?" అన్నారు. ఏదీ చదవలేకపోతున్నా అమ్మగారూ, స్తుతి కీర్తనలు తీస్తే అబద్ధం ఆడుతున్నట్టు ఉంది అన్నా. సరే అయితే స్తుతి వద్దులే అని నా బైబిల్ తీసుకుని 13వ కీర్తన చదివారు. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం అని నాలుగు సార్లు అడుగుతాడు దావీదు. చివరికి వచ్చేసరికి పాడతాను అంటాడు, కానీ మధ్యలో శత్రువు పోయాడని గానీ జబ్బు తగ్గిందని గానీ ఎక్కడా లేదు. తర్వాత 88 చదివారు, అందులో అయితే చివర్లో కూడా వెలుగు లేదు, చీకటితోనే ఆగిపోతుంది. ఇన్నేళ్లు పాటలు నడిపించి నేను చూడనిది ఆరోజు చూశా, ఆ కీర్తన పైన ప్రధాన గాయకుడికి అని రాసి ఉంది. అంటే అది ఎవరో గదిలో ఒంటరిగా ఏడ్చి దాచుకున్న కాగితం కాదు, ఆలయంలో పాడటానికి పాటలు నడిపించేవాడి చేతికి ఇచ్చిన పాట. 150 కీర్తనల్లో మూడో వంతు దాకా ఇలాంటి మొరలే ఉన్నాయని తర్వాత చదివా. మనం ఆదివారాలు ఎంచుకునే పాటల్లో అలాంటివి ఎన్ని ఉంటాయి? నేను ఎంచినవాటిలో దాదాపు లేవు, అది నా తప్పే.

అప్పట్నుంచి పొద్దున్నే ఒక పని మొదలుపెట్టా. ఫోన్ ముట్టుకోకముందే ఒక కీర్తన పైకి చదవడం, తర్వాత ఒక పాత నోట్‌బుక్‌లో ఆరోజు నాకు తెలియనివి రాయడం. గడ్డ ఏంటో తెలీదు. గొంతు ఉంటుందో లేదో తెలీదు. మా పాప రాత్రి ఎందుకు ఏడ్చిందో, తనకి ఎంతవరకు అర్థమైందో తెలీదు. దాని కింద, నిన్ను గురించి నాకు ఇవాళ తెలిసింది ఇది ప్రభువా అని ఒక్క లైను. కొన్ని రోజులు ఆ లైను రాయడానికి ముప్పావుగంట పట్టేది. ఒకరోజు "నువ్వు వింటున్నావు అని మాత్రం తెలుసు" అని రాశా, ఇంకోరోజు ఏమీ రాయలేక గీత గీసి వదిలేశా. ధైర్యం ఏమీ పొంగిపొర్లలేదు. కాకపోతే బేరం ఆగిపోయింది. షద్రకు మేషాకు అబేద్నెగో తమని అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో అన్నారు కదా, మా దేవుడు తప్పించగలడు, ఒకవేళ తప్పించకపోయినా నీ బొమ్మకి మొక్కం అని, దానియేలు 3లో, ఆ "ఒకవేళ తప్పించకపోయినా" అన్న ముక్క దగ్గర చాలా రోజులు ఉండిపోయా. ఆ ముక్క నోటితో అనడం నాకు నాలుగో వారానికి గానీ చేతకాలేదు.

ఆపరేషన్ ముందు ఆదివారం పాడనన్నాను. "నీకు ఇష్టమైతేనే పాడు, ఎవరూ ఏమనుకోరులే" అన్నారు మావారు. చివరికి పాడటానికే వెళ్లా. రెండో చరణంలో గొంతు పట్టేసింది, గడ్డ వల్ల కాదు, ఏడుపు. మైక్ పట్టుకుని అలా నిలబడిపోయా. మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు, ఎప్పుడూ అర తాళం వెనకే పాడతారు, గట్టిగా పాడతారు, ఆయన వల్ల అందరూ తప్పుతున్నారని ఎన్నోసార్లు విసుక్కున్నా, లోపల్లోపలే. ఆరోజు నేను ఆగిపోయాక ఆ పాటని ముందు ఎత్తుకుంది ఆయనే. అదే అర తాళం వెనక. మిగతావాళ్లు ఆయన్ని పట్టుకుని పాడారు, కీబోర్డ్ తమ్ముడు వేగం తగ్గించి ఆయనకి తగ్గట్టు వాయించాడు, పాట చివరిదాకా వెళ్లింది. నేను ఒక్క ముక్క పాడలేదు. నేను పాడకపోయినా ఆరాధన ఆగదు అని ఎవరైనా నోటితో చెప్పి ఉంటే నొచ్చుకునేదాన్నేమో, కళ్లతో చూస్తే మాత్రం ఎంత తేలికైపోయిందో, భుజాల మీద నుంచి ఏదో దించినట్టు.

ఆపరేషన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, మత్తు ఇచ్చారు, లేచేసరికి మెడకి పట్టీ. నర్స్ పేరు అడిగింది. చెబుదామని నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. మర్నాడు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపించి చూశారు, ఎడమవైపు స్వరతంత్రి సరిగ్గా కదలట్లేదు, నరం తెగలేదు, అలిసింది, కోలుకుంటుంది అనుకుంటున్నాం అన్నారు. అనుకుంటున్నాం. మళ్లీ అదే మాట.

ఆ రాత్రి వార్డులో లైట్లు తగ్గించాక, బిడ్డ కోసం ప్రార్థన చేసిన హన్నా గుర్తొచ్చింది. 1 సమూయేలు మొదటి అధ్యాయంలో ఆమె పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినపడలేదు అని ఉంటుంది, ఏలీ చూసి తాగి ఉందనుకున్నాడు. ఆ యాజకుడికి అర్థం కానిది దేవుడికి అర్థమైంది. నేనూ పెదవులే కదిపాను. ఏ పాట అన్నది నాకూ ఆయనకూ తెలుసు. చెప్పుకోవాల్సిన విషయం ఏంటంటే, 14 ఏళ్లలో ఎవరూ వినకుండా, రాగం బాగా వచ్చిందా లేదా అన్న ఆలోచనే లేకుండా నేను ఆయనకి పాడింది బహుశా అదే మొదటిసారి. ఏడుపు వచ్చింది, కానీ భయంతో కాదు.

పదో రోజు బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. మావారు చదివి నా చేతికిచ్చారు, ఏమీ అనలేదు. గడ్డ పొరని ఒకచోట దాటింది. రక్తనాళాల్లోకి వెళ్లలేదు. అంటే క్యాన్సరే, కానీ చాలా తక్కువ దశలో ఉంది, తీసిన సగం సరిపోతుంది, మిగతా సగం ఇప్పుడు ముట్టుకోనక్కర్లేదు, 6 నెలలకోసారి స్కాన్, రక్త పరీక్ష చూసుకుంటూ ఉందాం అన్నారు డాక్టర్ గారు. సంఘంలో కొందరు స్వస్థత అన్నారు, కొందరు ఇంకా ప్రార్థన చేస్తున్నాం అన్నారు. ఇద్దరికీ థాంక్స్ చెప్పా. మళ్లీ నోట్‌బుక్ తీసి తెలియనివి రాసుకున్నా, ఈసారి లిస్ట్ చిన్నదేమీ కాలేదు, కానీ కింద రాసే లైనుకి ముప్పావుగంట పట్టలేదు.

గొంతు రావడానికి 4 నెలలు పట్టింది. స్పీచ్ థెరపీ అమ్మాయి రోజూ చేయమన్న ఎక్సర్‌సైజులు మానకుండా చేశా, మొదట్లో ఒక్క ఊపిరిలో ఆరు అంకెలు లెక్కపెట్టేసరికే గాలి అయిపోయేది. మాట వచ్చింది, కింది స్వరాలు వచ్చాయి. పై స్వరాలు రాలేదు, పైకి వెళ్తే గొంతు చీలిపోతుంది. వస్తాయో రావో డాక్టర్ గారు చెప్పలేదు, నేనూ ఇంక అడగలేదు.

పోయిన ఆదివారం మళ్లీ మైక్ పట్టుకున్నా. రెండో స్కాన్ వచ్చే నెల. మొదటి పాటగా 13వ కీర్తనని మా వాళ్లే కట్టుకున్న చిన్న రాగంలో పెట్టుకున్నా, ఎంతకాలం ప్రభువా అని మొదలయ్యేది. కీబోర్డ్ తమ్ముడు "అక్కా, పాత శృతేనా?" అని కళ్లతోనే అడిగాడు. తల అడ్డంగా ఊపా. ట్రాన్స్‌పోజ్ బటన్ మూడుసార్లు కిందకి నొక్కి, ఒకసారి శృతి వినిపించి నా వైపు చూశాడు. అందింది. మూడో వరసలోంచి పెద్దాయన అర తాళం వెనక ఎత్తుకున్నారు, నేను ఆయన కోసం కొంచెం ఆగి పాడాను.