ఓడ దిగాక చేతిలో ఎన్ని గంటలు? వైజాగ్–పాండిచ్చేరి–చెన్నై

బుధవారం వైజాగ్‌లో ఎక్కడం, గురువారమంతా నీళ్ల మీద, శుక్రవారం పాండిచ్చేరిలో దిగి ఊరు చూడడం, శనివారం చెన్నైలో సామాను దించుకోవడం. 2025 జూలై 2న ఎంప్రెస్ అనే విహార ఓడలో (క్రూయిజ్) మేం మొదలుపెట్టిన ప్రయాణం ఇంతే. ఓడలో తిండి, ఆటపాటల సంగతి ఎవరైనా చెబుతారు. రేవుల్లో దిగాక ఏం చేయగలం, దానికి ఏ సమాచారం ముందే పోగేసుకోవాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాం.

టికెట్ మీద రేవు పేరు పక్కన రెండు వేళలు ఉంటాయి. ఉదయం 8, సాయంత్రం 5 అనుకుందాం. తొమ్మిది గంటలు ఉందని సంబరపడతాం కానీ అవి ఓడ వేళలు. ఎనిమిది అంటే లంగరు వేసే సమయం. ఆ తర్వాత పోర్టువాళ్లు కాగితాలు చూసి దిగొచ్చని చెప్పేసరికి ముప్పావు గంట. దిగే వరసలో ఇంకో ముప్పావు గంట. బోటులో అరగంట. గేటు దగ్గర పావుగంట. రోడ్డు మీద కాలు పెట్టేసరికి పదింబావు. తిరుగు లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ఓడ కదిలేది 5కైతే ఒడ్డు నుంచి ఆఖరి బోటు 4కే వెళ్లిపోతుంది, దానికి ముప్పావు గంట ముందే జెట్టీ దగ్గరుండాలి. అంటే మూడుంబావు. చేతిలో మిగిలింది అయిదు గంటలు. ఓడను నేరుగా బెర్తుకు, అంటే ఒడ్డున గట్టుకే, కట్టే రేవైతే బోటు గొడవ ఉండదు కాబట్టి ఇంకో గంటన్నర కలిసొస్తుంది.

అందుకే నోటుబుక్కులో రేవుకో పేజీ పెట్టి, చూడాల్సిన చోట్ల కంటే ముందు కొన్ని ప్రశ్నలు రాసుకున్నాం. ఓడ బెర్తుకు కడుతుందా, సముద్రంలో ఆగి బోట్ల మీద దించుతుందా? దిగిన చోటు నుంచి బయటి గేటు ఎంత దూరం, నడవనిస్తారా, బస్సు ఎక్కాలా? ఆ రోజు ఏ వారం, ఏ తిథి? మధ్యాహ్నం మూసేవి ఏవి? ఓడ తప్పిపోతే తర్వాతి రేవుకు దారేంటి?

మొదటి ప్రశ్నకు జవాబు బుకింగ్ ఏజెంటును అడిగితే "డాకింగేనండీ" అనేస్తారు. అంటే బెర్తుకే కడతారని. ఆ మాట నమ్మి కూర్చోకుండా, ఓడలు ఎక్కడున్నాయో మ్యాప్‌లో చూపే మెరైన్‌ట్రాఫిక్ లాంటి సైట్‌లో ఓడ పేరు కొట్టి, అంతకుముందు అదే రేవుకు వచ్చినప్పుడు ఎక్కడ ఆగిందో చూడండి. ఓడ చుక్క ఒడ్డుకు ఆనుకుని ఉంటే బెర్తు, నీళ్ల మధ్య ఉంటే లంగరు. మొదటిసారి వస్తున్న ఓడైతే ఆ రేవులో నీళ్లు ఎంత లోతో, అంతకుముందు ఆ పొడవు ఓడలు వచ్చాయో లేదో చూసుకోవాలి. ఎంప్రెస్ పొడవు 210 మీటర్ల పైమాటే. పాండిచ్చేరి పాత పోర్టులోకి అంత ఓడ రాదు. పెద్ద పోర్టుల సైట్లలో ఏ రోజు ఏ ఓడ ఏ బెర్తులో ఉందో జాబితా పెడతారు. మన విశాఖ పోర్టు సైట్‌లోనూ దొరుకుతుంది. అన్నింటికంటే చివరి మాట మాత్రం ముందు రోజు రాత్రి కేబిన్‌కు వచ్చే కాగితానిదే. అందులో ఆఖరి బోటు వేళ, ఓడలో ఉండాల్సిన వేళ విడివిడిగా ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఒడ్డు వదిలిన కాసేపటికే సిగ్నల్ పోతుంది. ఆ తర్వాత ఫోన్‌కు ఓడ నెట్‌వర్క్ తగిలితే బిల్లు వాచిపోతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయడం మేలు. మూడు ఊళ్ల మ్యాపులూ ఇంట్లో వైఫై ఉండగానే దించుకోవాలి.

పాండిచ్చేరిలో ఓడ సముద్రంలోనే ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న బోట్ల మీద ఉప్పలం వైపున్న పోర్టుకు తీసుకెళతారు. దిగేవాళ్లకు బృందాల వారీగా నంబర్లు ఇస్తారు. టిఫిన్‌కు ముందే వెళ్లి నంబరు తీసుకున్నవాళ్లకూ, తాపీగా ఇడ్లీ తిని వెళ్లినవాళ్లకూ గంట తేడా వస్తుంది.

బోటులోకి అడుగు వేయడం గురించి ముందుగా ఎవరూ చెప్పరు. ఓడ పక్కన బోటు నిలకడగా ఉండదు. కెరటంతో పాటు అడుగున్నర, రెండు అడుగులు లేస్తుంది, దిగుతుంది. బోటు పైకి వచ్చి గడప మట్టానికి ఒక్క క్షణం ఆగుతుంది. అడుగు పడాల్సింది అప్పుడే. కిందికి జారుతున్నప్పుడు వేస్తే మోకాలు పట్టేస్తుంది, ఒక్కోసారి చీలమండ మెలిపడుతుంది. రెండు పక్కలా నిలబడ్డ సిబ్బంది మోచేతి దగ్గర పట్టుకుంటారు. వాళ్ల చెయ్యి మనం పట్టుకోకూడదు, వాళ్లనే పట్టుకోనివ్వాలి. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, సంచీ వీపున, ఫోన్ జేబులో. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోవాలి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఓడలో ఉండిపోవడమే మంచిది. ఆ పగలు ఓడ ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది, అదీ ఒక సుఖమే.

కెరటాలు పెద్దవైతే కెప్టెన్ బోట్లు దించడు, ఆ రేవు రద్దవుతుంది. ఊళ్లో ఎండ కాస్తున్నా దూరంగా పుట్టిన అలలు వచ్చి ఒడ్డున విరుగుతుంటాయి. కాబట్టి వాన సూచన చూస్తే చాలదు, అలల ఎత్తు సూచన కూడా చూడాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తీరం పొడవునా అలల ఎత్తు ఉచితంగా చెబుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో అక్కడి సముద్రం మరీ మొండికేస్తుంది. బోట్ల మీద దిగే రేవులో ముందే డబ్బు కట్టి క్యాబ్ మాట్లాడుకోవద్దు. మాట్లాడుకున్నా, ఓడ రాకపోతే తిరిగిచ్చే షరతు మీదే.

అయిదు గంటల్లో పాండిచ్చేరి సరిపోతుందా అంటే, పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్ వరకు సుఖంగా. పోర్టు నుంచి బీచ్ రోడ్డు రెండు కిలోమీటర్ల లోపే. ఆటోలవాళ్లు మీటరు వేయరు, ఎక్కే ముందే బేరం తెగాలి. అరవిందాశ్రమం మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసేస్తారు కాబట్టి ముందు అక్కడికే. మూడేళ్ల లోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు, ఫోన్లు ఆపేయాలి. దగ్గర్లోనే ఉన్న మనకుల వినాయగర్ గుడి కూడా మధ్యాహ్నం మూసి నాలుగింటికి గానీ తెరవరు. అంటే ఈ రెండూ 12 లోపు అయిపోవాలి. ఆ తర్వాత భోజనం, గాంధీ విగ్రహం, ఫ్రెంచి వీధుల్లో నడక. గైడు పుస్తకాలన్నీ మెచ్చుకునే సాయంత్రపు బీచ్ రోడ్డు షికారు ఓడవాళ్లకు దక్కదు. బళ్లు ఆపేసి రోడ్డును నడిచేవాళ్లకు వదిలేది ఆరింటికి, ఆపాటికి మనం ఓడలో ఉంటాం. ఆరోవిల్ పది కిలోమీటర్ల పైన ఉంది. అక్కడి ధ్యాన మందిరం మాతృమందిర్ లోపలికి వెళ్లాలంటే కొన్ని రోజుల ముందే బుక్ చేసుకోవాలి. బయట నుంచి చూసే చోటుకు వెళ్లి రావడానికే రెండున్నర, మూడు గంటలు పోతాయి. అది చూస్తే ఊరు లేదు, ఊరు చూస్తే అది లేదు. మాకైతే ఊరే నయమనిపించింది. యానాం ఈ ప్రభుత్వం కిందిదే అయినా ఇక్కడ వీధుల్లో తెలుగు పెద్దగా వినపడదు. తమిళం రెండు ముక్కలొస్తే ఆటో బేరం తేలిక.

మద్యం సీసాలు చవకని కొనుక్కుంటే ఓడ ఎక్కేటప్పుడు స్కానర్‌లో పట్టేసి, ప్రయాణం అయ్యేదాకా వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. ఓడలోకి ఎక్కే దారి (గ్యాంగ్‌వే) దగ్గర కేబిన్ కార్డు గీకితేనే మనం తిరిగొచ్చినట్టు లెక్క. ఓడవాళ్లు అమ్మిన టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మన ఆటో ఆలస్యమైతే ఆగదు. అయితే పాండిచ్చేరిలో తప్పిపోయినా మరీ ప్రమాదం లేదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద చెన్నై 150 కిలోమీటర్లు, మూడు, మూడున్నర గంటలు. అందుకే దిగేటప్పుడు జేబులో ఆధార్, రోజూ వేసుకునే మందులు, రెండు వేల రూపాయల నగదు ఉండాలి. అదే వైజాగ్‌లో తప్పిపోతే తర్వాతి రేవు పాండిచ్చేరి, తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాటే.

వైజాగ్ మన ఊరే కదా అని ఆ పేజీ వదిలేయొద్దు. చెన్నైలో ఓడెక్కి ఇక్కడ ఒక పగలు దిగే చుట్టాలు అడిగే మొదటి మాట "అరకు చూపిస్తారా?". అరకు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, వెళ్లడానికే మూడున్నర గంటలు. బొర్రా గుహలైనా తొంభై కిలోమీటర్లు. కుదరదని ముందే చెప్పేయండి. అవుటర్ హార్బర్‌లోని క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. ఇక్కడ ఓడ నేరుగా బెర్తుకే కడుతుంది. మ్యాప్‌లో ఊరికే "విశాఖ పోర్టు" అని కొడితే క్యాబ్ ఇంకేదో గేటుకు తీసుకెళుతుంది, "క్రూయిజ్ టెర్మినల్" అని పూర్తిగా కొట్టాలి. అందరూ పడే ఇంకో బోల్తా కురుసుర సబ్‌మెరైన్. సోమవారం సెలవు, ఆదివారం తప్ప మిగతా రోజుల్లో తెరిచేదే మధ్యాహ్నం 2కి. ఓడ నాలుగింటికి కదిలేదైతే బీచ్ రోడ్డు మీద నుంచి చూసి రావడమే. కైలాసగిరి, ఆర్కే బీచ్, టైముంటే తొట్లకొండ పెట్టుకోండి.

పంచాంగం చూడడం ఇక్కడే పనికొస్తుంది. మేం ఎక్కిన సరిగ్గా వారానికి, జూలై 9 బుధవారం, సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు. అడవివరం నుంచి హనుమంతువాక, అప్పుఘర్, ఎన్ఏడీ దాకా రోడ్లన్నీ జనమే, వాహనాలు మళ్లించేస్తారు. ఆ రోజు సింహాచలం, కైలాసగిరి పెట్టుకుంటే ఓడ తప్పడం ఖాయం. గూగుల్ మ్యాప్ ఈ సంగతి ముందు రోజు చెప్పదు.

ఎక్కే రోజు ఆధార్ లాంటి ఫొటో గుర్తింపు అసలుది ఉండాలి, జిరాక్సు కుదరదు. ఇదే ఓడ శ్రీలంక వెళ్లేదైతే పాస్‌పోర్ట్ కావాలి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ స్కానింగ్‌లోనే ఆపేస్తారు. హార్బర్ దాటేటప్పుడు డాల్ఫిన్ నోస్ కొండ ఓడకు కుడివైపు వస్తుంది, పై డెక్‌లో ఆ పక్కన చోటు పట్టుకోండి.

చెన్నైలో దిగడం ముందు రాత్రే మొదలవుతుంది. ట్యాగు కట్టిన పెద్ద పెట్టెలు పడుకునే ముందు కేబిన్ తలుపు బయట పెట్టాలి. పొద్దున కట్టుకునే బట్టలు, బ్రష్షు, మందులు అందులోకి వెళ్లిపోకుండా చూసుకోండి. పోర్టు లోపల కాలినడక ఉండదు, బస్సులో గేటు దాకా దించుతారు. వైజాగ్‌కు తిరుగు రైలుగా కోరమాండల్ వద్దు, అది పొద్దున 7కే సెంట్రల్ నుంచి వెళ్లిపోతుంది. ఓడ ఎంత తొందరగా వచ్చినా అందదు. సాయంత్రం 7 ప్రాంతంలో బయల్దేరే హౌరా మెయిల్ సరిగ్గా సరిపోతుంది. పోర్టు నుంచి సెంట్రల్ మూడు కిలోమీటర్లే. అక్కడి క్లోక్‌రూమ్‌లో సామాను పడేస్తే పగలంతా ఖాళీ. క్లోక్‌రూమ్‌లో తాళం వేయని సంచులు తీసుకోరు, ఓడలో చివరి రోజు కొన్న గుడ్డ సంచులతో మాతో వచ్చినవాళ్లు చాలామంది అక్కడే ఇరుక్కున్నారు. చిన్న తాళాలు రెండు ఎక్కువ పెట్టుకోండి. మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి ముందు గుడి, తర్వాత టీ నగర్. ఎగ్మూర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, మనం దిగేది శనివారం కాబట్టి ఇబ్బంది లేదు. మహాబలిపురం అరవై కిలోమీటర్ల లోపే అయినా ట్రాఫిక్‌లో పోనూ రానూ నాలుగు గంటలు. సామాను సెంట్రల్‌లో ఉంది కాబట్టి నాలుగున్నరకల్లా ఊళ్లోకి వచ్చేలా చూసుకుంటేనే వెళ్లండి.