వదిలేస్తే పాడయ్యే చెరువు

చేపల వేటంటే తెల్లారకముందే నీళ్ల దగ్గర ఉండాలని మా బావమరిది గట్టి నమ్మకం. నాలుగింటికే లేపి కారెక్కించాడు. అట్లాంటా నుంచి ఐ-85 మీద కిందికి దిగి, అలబామాలో ఆపిలైకా చేరేసరికి గడియారం గంట వెనక్కి జరిగింది. నిద్ర పోయింది, గంట మిగిలింది, చలి మాత్రం అలాగే ఉంది. టస్కీగీ దగ్గర హైవే దిగి 29 నంబరు రోడ్డు పట్టుకుంటే యూనియన్ స్ప్రింగ్స్. ఊరి నడిబొడ్డున దిమ్మె మీద వేటకుక్క కంచు విగ్రహం. మన ఊళ్లలో నాయకులుండే చోట అక్కడ కుక్క నిలబడింది.

అక్కడి నుంచి ఎర్రమట్టి దారిలో కాసేపు వెళ్తే చెరువు. సొంతదారు మా బావమరిది ఆఫీసులో పనిచేసే ఒకాయన తండ్రి, డెబ్బై దాటిన మనిషి. మమ్మల్ని చూసి గడియారం చూసుకున్నాడు. "ఇంత పొద్దున్నే వచ్చి ఏం చేస్తారు? ఫిబ్రవరిలో నా చేపలు మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ నిద్ర లేవవు" అన్నాడు. నేను బావమరిది వంక చూశాను. వాడు చెట్ల వంక చూశాడు.

పెద్దాయన అన్నది వేళాకోళం కాదు. గట్టు దగ్గర తాడు కట్టి వదిలిన థర్మామీటరు 50 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది, అంటే మన లెక్కలో 10. మేము పట్టబోయేది బాస్ అనే వేటచేప. దాని ఒంటికి సొంత వేడి ఉండదు, నీళ్లెంత చల్లగా ఉంటే అదీ అంతే చల్లగా ఉంటుంది. ఆ చలిలో తిన్నది అరగడానికి రోజులు పడుతుంది కాబట్టి దానికి తొందరేమీ లేదు. ఎండ పడి నీళ్లు రెండు మూడు డిగ్రీలు ఎక్కితేనే కదులుతుంది. అదీ చెరువంతా ఒకేసారి కాదు. ముందు వేడెక్కేది ఉత్తరపు ఒడ్డు. చలికాలపు ఎండ దక్షిణం నుంచి వాలుగా వస్తుంది కాబట్టి ఆ ఒడ్డుకు బాగా తగులుతుంది, ఉత్తరపు గాలికి చెట్లు అడ్డం. ఒంటిగంటకు అక్కడ 54 ఉంది, గట్టు దగ్గర ఇంకా 51.

అప్పటిదాకా ఏం చెయ్యాలి? చెరువు చూశాం. ఈ ప్రయాణం గురించి రాయాలనిపించింది ఆ ఎదురుచూపు వల్లే.

మాది కైకలూరు వైపు. చెరువంటే నాకు నాలుగు వైపులా గట్లు, కాలవ నీళ్లు, తూము, వెదురు గడలకు కట్టిన చిల్లుల సంచుల్లో తవుడు, వాటి చుట్టూ పొద్దున్నే మూగే బొచ్చె, శీలావతి. అందులో కొరమీను దూరితే అది దొంగ. సీడు తినేస్తుందని ముందే వల లాగి ఏరేస్తాం. ఇక్కడంతా తిరగబడింది. కొరమీను లాంటి వేటచేపే దొర, మిగతావన్నీ దాని మేత. పేరుకు తగ్గట్టే బాస్.

చెరువు తవ్వింది కూడా కాదు. రెండు మిట్టల మధ్య పల్లానికి అడ్డంగా ఒకే ఒక్క గట్టు వేసి వాననీళ్లు ఆపారు, ఐదెకరాలు. గట్టు మీద ఒక్క చెట్టూ లేదు. వేళ్లు కుళ్లిపోతే ఆ దారిలో నీళ్లు ఊరి గట్టు తెగుతుందని మొలక కనిపిస్తే కొట్టేస్తాడట. ఆయన అసలు శత్రువులు వేరే ఉన్నారు. బీవర్లనే ఎలుక జాతి నీటి జంతువులు రాత్రికి రాత్రి కొమ్మలూ బురదా కుక్కి, ఎక్కువైన నీళ్లు పోయే గొట్టాన్ని మూసేస్తాయి. తెల్లారి చూసుకోకపోతే పెద్దవాన రోజున నీళ్లు గట్టు మీదుగా దూకుతాయి. ఒడ్డున ఒకచోట ఆగి బూటు కొనతో ఏదో కదిపాడు. పొలుసులు నిండిన పెంట, నీటికుక్కది. చలికి మందగించిన బాస్ దానికి పళ్లెంలో పెట్టినట్టే.

ఈ బాస్‌నీ, దానికి మేతయ్యే బ్లూగిల్ చేపనీ కలిపి పెంచే జంట లెక్క పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, ఆబర్న్‌లో. 1930లలో హోమర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త అక్కడి కళాశాల చెరువుల్లో చేపలు వేసి, నీళ్లు తోడించి, ఉన్నవన్నీ తూచి చూస్తూ తేల్చిన సంగతులే ఇప్పటికీ రైతులు వాడుతున్నారు. నీటి నాణ్యత మాటకొస్తే మన రొయ్యల వాళ్లు తలుచుకునే క్లాడ్ బాయిడ్ పనిచేసిందీ ఆబర్న్ విశ్వవిద్యాలయంలోనే. అంటే చుట్టరికం పాతదే.

పెద్దాయన మొదలుపెట్టిన తీరు ఇది. ఎకరానికి వెయ్యి చిన్న చేపలు, వాటిలో ఎనిమిది వందలు బ్లూగిల్, రెండు వందలు నత్తలు తినే రెడియర్. అక్కడి వాళ్లు రెంటినీ కలిపి 'బ్రిమ్' అంటారు. వీటిని శీతాకాలం ముందు వదిలాడు. బాస్ పిల్లలు ఎకరానికి వంద, అవి మాత్రం మరుసటి జూన్‌లో. మధ్యలో ఆ ఎడం ఎందుకంటే, ఎండలు ముదిరి నీళ్లు 75 దాటాక బ్లూగిల్ గుడ్లు పెడుతుంది. బాస్ పిల్ల వచ్చేసరికి దాని నోట్లో పట్టే మేత తయారుగా ఉండాలి. రెండూ ఒకేసారి వేస్తే బాస్ ఆకలికి మాడుతుంది, లేదా విత్తనపు బ్లూగిల్‌నే తినేస్తుంది.

అంత లెక్కగా వేసినా చెరువు పాడైంది. పాడుచేసింది దయ.

వచ్చిన చుట్టాలు, స్నేహితులు బాస్ పట్టడం, ఫొటో దిగడం, నీళ్లలో వదిలేయడం. పట్టింది వదిలేయడమే పెద్దమనిషి లక్షణమని ఇక్కడ పిల్లలకు కూడా నేర్పుతారు. నదిలో, పెద్ద జలాశయంలో అది మంచిదే. ఐదెకరాల చెరువులో బాస్ ఏటా పిల్లల్ని పెడుతుంది, ఎవరూ తీయరు, మేత మాత్రం అంతే ఉంటుంది. నాలుగేళ్లకల్లా పది, పన్నెండు అంగుళాల బాస్‌లు కిటకిటలాడుతూ ఎదుగూబొదుగూ లేకుండా ఆగిపోయాయి. చిన్న బ్లూగిల్‌ని అవి మిగలనివ్వవు, తప్పించుకున్న కొన్నిటికి తిండి పుష్కలంగా దొరికి అరచేతికి మించి పెరిగాయి. బయటివాళ్లు ఆ లావు బ్లూగిల్‌ని చూసి "చెరువు భలే ఉంది" అంటారు. పెద్దాయనకు అదే రోగ లక్షణం. లావు బ్రిమ్, బక్క బాస్ కనిపిస్తే బాస్ ఎక్కువైనట్టు. మూడంగుళాల బ్రిమ్ గుంపులు గుంపులుగా ఉండి, బాస్ తక్కువగానూ లావుగానూ పడుతుంటే అప్పుడు జబ్బు రెండో వైపుది, ఒక్క బాస్‌నీ తీయకూడదు.

ఒంటిగంటన్నరకు పడవ దింపాం. గేలం ముక్క పేరు జెర్క్‌బైట్, నీళ్లలో ఆపితే మునగదు, తేలదు, ఉన్నచోటే వేలాడుతుంది. ఒక్కటి పదహారు డాలర్లు. మా ఊళ్లో ఆ డబ్బుకు కిలోల కొద్దీ బొచ్చె వస్తుంది, ఇది ప్లాస్టిక్ చేప. దాన్ని మొదటి అరగంటలోనే మునిగిన దుంగకు తగిలించి పోగొట్టుకున్నాను, ఆ ఏడుపు వేరు.

రెండోది ఆయన ఇచ్చాడు, ఎలా ఆడించాలో కూడా చెప్పాడు. గేలపు కర్ర కొనను రెండుసార్లు కిందికి చిన్నగా లాగాలి, దారం వదులు చెయ్యాలి, పది అంకెలు లెక్కపెట్టాలి. నేను నాలుగు దగ్గరే లాగేస్తున్నాను. చలిలో బాస్ వెంటాడదు, వచ్చి చూసి, ఇంకా ఉందా అని ఆలోచించి అప్పుడు నోరు తెరుస్తుంది. కాటు కూడా ఝాడించినట్టుండదు, దారానికి తడిగుడ్డ చుట్టుకున్నట్టు బరువెక్కుతుంది. నాలుగు నుంచి ఆరు అడుగుల లోతు, ఒడ్డు చటుక్కున లోతులోకి దిగే అంచు. గుడ్లు పెట్టే మెరకకు వెళ్లేముందు అవి మజిలీ చేసేది అక్కడే. నీళ్లు 60, 65కి వచ్చాక గానీ గూళ్లు కట్టవు.

ఏడు దాకా లెక్కపెట్టానేమో, బరువెక్కింది. పైకి తెచ్చి, కింది దవడలో బొటనవేలు పెట్టి పట్టుకున్నాను. పళ్లు గరుకు కాగితంలా తగిలాయి తప్ప కొరకలేదు. తల చూస్తే రెండు కిలోల చేపది, ఒళ్లు చూస్తే అరువు తెచ్చుకున్నది. వెన్ను కత్తిలా పైకి లేచింది, పొట్ట లోపలికి అంటుకుపోయింది. కొలబద్ద మీద పన్నెండు అంగుళాలు. ఆ పొడవుకి ఒళ్లున్న బాస్ 400 గ్రాములు తూగాలి, ఇది 310. పెద్దాయన పుస్తకం తీసి రాశాడు, వందకి 77. తొంభై దాటితే తిండి సరిపోతున్నట్టు, ఎనభైకి దిగితే పస్తులున్నట్టు.

నేను అలవాటుగా వదలబోయాను. "ఐసులో" అన్నాడు.

పద్నాలుగు అంగుళాల లోపువి ఎన్ని పడితే అన్నీ ఐసు పెట్టెలోకే. ఆయన లక్ష్యం ఎకరానికి ఏటా 25 పౌండ్లు, ఐదెకరాలకు 125. ఈ సైజువి నూటయాభైకి పైగా తీయాలి. గాలానికి రోజుకు పదీ పదిహేను పడతాయి, గాలం పడుతున్న కొద్దీ అవి తెలివి మీరుతాయి కూడా. పన్నెండు పదిహేను దఫాల వేట ఖాయం. వల లాగొచ్చుగా అన్నాను, కైకలూరు బుద్ధి. అడుగున వదిలేసిన మొద్దులూ ముళ్లకంపలూ ఉన్నాయట, మేత చేపలకు దాపు. వల చిరగడం ఖాయం. మధ్యలో పందొమ్మిది అంగుళాల ఆడది ఒకటి పడింది, గుడ్లతో నిండుగా రెండు కిలోలు. దాన్ని మాత్రం రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి, అడ్డంగా పట్టుకుని వదిలాం. అంత బరువును దవడతోనే వేలాడదీస్తే దవడ కీలు దెబ్బతింటుంది.

తీయడం ఒక సగం. మిగతా సగం మేత పెంచడం, అంటే సన్నని నాచుతో నీళ్లు పచ్చబడాలి. ఆ ఇసుక నేల పులుపు, నీటి ఆల్కలినిటీ, అంటే అందులోని క్షారం, 11 పీపీఎం (పది లక్షల పాళ్లలో 11). 20 దాటకపోతే ఎరువు వేసినా అడుగు మట్టి ఫాస్ఫరస్‌ని మింగేస్తుంది. అందుకే డిసెంబరులో పడవ మీద పలక కట్టి, పొలాలకు వేసే సున్నపురాయి పొడి ఎకరానికి రెండు టన్నుల లెక్కన పారలతో చెరువంతా చల్లారు. కాల్చిన సున్నం కాదు. చేపలున్న చెరువులో ఆ మోతాదున అది వేస్తే పీహెచ్ ఒక్కసారి ఎగిరి అన్నీ తేలతాయి. రాతిపొడి మెల్లగా కరుగుతుంది కాబట్టి చలికాలంలోనే వేయాలి.

ఎరువుకు మాత్రం ఆగుతున్నాడు. నీళ్లు 60 దాటి నిలబడాలి, వానల వరద గొట్టంలోంచి పోవడం తగ్గాలి. తొందరపడి చల్లని నీళ్లలో వేస్తే సన్నని పచ్చదనానికి బదులు అడుగున జుట్టులాంటి పాచి లేస్తుంది. ద్రవం ఎరువైతే నీళ్లకంటే బరువు, కలపకుండా పోస్తే తిన్నగా బురదలోకి దిగుతుంది. పది వంతుల నీళ్లలో కలిపి పడవ వెనక చిమ్మాలి. నలుపు తెలుపు పలక నీళ్లలోకి దించితే 18 నుంచి 24 అంగుళాల లోతులో కనుమరుగవ్వాలి. పన్నెండుకే కనిపించకపోతే మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. ఆ తెల్లవారుజాము భయం మాత్రం మా ఊరిదే, అచ్చం అదే.

మనం ఎకరానికి టన్నుల్లో మాట్లాడతాం. ఈయనకు ఎనిమిది పౌండ్ల బాస్ ఒక్కటి చాలు. దానికోసం ఇంత సున్నం, ఇంత ఎరువు, ఇన్ని బక్క చేపలు. నాకైతే ముందు నవ్వొచ్చింది. ఏరేయాల్సిన చేపను ఏరేయకపోతే ఏమవుతుందో రెండు ఊళ్ల వాళ్లకూ తెలుసు, పేర్లే మారాయి.

సాయంత్రం నాలుగున్నరకు ఎండ పోయింది, కాట్లూ పోయాయి. పెట్టెలో తొమ్మిది. అన్నీ తూచి ఆరున్నర పౌండ్లు అని పుస్తకంలో రాసి, 125 లోంచి తీసేసి, కింద 118½ అని గీత గీశాడు. చేపలు మాకే ఇచ్చేశాడు. మొక్కజొన్న పిండి అద్ది వేయించుకోమన్నాడు. మా చెల్లెలు చింతపండు నానబెట్టింది.